జపాన్ తిండిలో మీకు ప్రాణమైనది ఏది, ముక్కు మూసుకునేది ఏది?

నిషికసాయ్ వాసి:
జపాన్‌లో ఉంటున్నవాళ్లు, ఉండి వెళ్లినవాళ్లు, పిల్లల దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చి వెళ్లినవాళ్లు అందరూ రండి. అక్కడి తిండిలో మీకు ప్రాణమైనది ఒకటి, ఎవరు బతిమాలినా ముట్టనిది ఒకటి చెప్పాలి. జిహ్వకో రుచి అని తప్పించుకోవద్దు. 'సుషీ బాగుంటుంది' అని ఒక్క ముక్కతో ఊరుకోవడమూ కుదరదు. ఏ సుషీ, ఎందుకు అన్నది రాయాలి.

ముందు నాది. ప్రాణం: ఒనిగిరి, అంటే నోరి (సముద్రపు నాచుతో చేసే పల్చటి ఆకు) చుట్టిన అన్నం ముద్ద. పెద్ద హోటల్లోది కాదు, వీధి మలుపులో కన్వీనియన్స్ స్టోరులో దొరికేదే. ఆ పొట్లం కట్టిన తీరుకే సగం మార్కులు వేస్తాను. ప్లాస్టిక్ కాగితం మీద 1, 2, 3 అని అంకెలు ఉంటాయి. 1 దగ్గరి కొస పట్టుకుని కిందికి లాగితే పొట్లం నడిమికి చీలుతుంది. తర్వాత 2, 3 మూలలు చెరోవైపు లాగాలి. అప్పటిదాకా అన్నానికీ నోరి ఆకుకూ మధ్య అడ్డుగా ఉన్న పొర జారిపోయి, ఆకు అన్నాన్ని అప్పుడే మొదటిసారి తాకుతుంది. అందుకే ఎప్పుడో కట్టిన ముద్దను ఎప్పుడు తిన్నా నోరి కరకరలాడుతుంది. లోపల ఉమెబోషి, అంటే ఉప్పులో ఊరవేసిన పుల్లటి ఉమె కాయ ఉంటే నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ముట్టనిది: నాత్తో. ఉడికించిన సోయా గింజలను పులియబెడితే వచ్చే బంక. ఆఫీసులో పక్క కుర్చీ ఆయన ఉదయం అది తిని వచ్చాడో లేదో ఆయన చెప్పకుండానే నాకు తెలిసిపోతుంది.

పులస ప్రియుడు:
నాత్తో సంగతి వేరేవాళ్లు చూసుకుంటారు. నేను చేపల మనిషిని, గోదావరి జిల్లావాణ్ణి. జపాన్ వెళుతున్నానంటే మా ఊళ్లో అందరూ 'నీ పంట పండింది' అన్నారు. సగమే పండింది.

నచ్చినది సాబా షియోయాకి. సాబా అంటే మన కానాగంతల కుటుంబమే, కాకపోతే ఒంట్లో కొవ్వు చాలా ఎక్కువ. ఉప్పు రాసి కాసేపు ఉంచుతారు, ఊరిన నీరు తుడుస్తారు, కాలుస్తారు. అంతే. మసాలా లేదు, నూనె చుక్క లేదు. మేమున్న ఇంట్లో గ్యాసు పొయ్యి కిందే చేపలు కాల్చడానికి సన్నటి సొరుగు ఉండేది. చర్మం బుడగలు తేలి అక్కడక్కడా నల్లబడేసరికి తీసి, తురిమిన ముల్లంగిని నీరు పిండి పక్కన పెట్టుకుని, దాని మీద రెండు చుక్కలు సోయా సాస్ వేసుకుంటే కొవ్వు ముఖం మొత్తదు. దీని కోసం నేను పులుసును కూడా ఒక పూట మరిచిపోగలను.

పచ్చి చేప మాత్రం నావల్ల కాలేదు. అందరూ వాసన గురించి భయపెడతారు కానీ తాజా సాషిమికి వాసనే ఉండదు. నా ఇబ్బంది అది నాలుక మీద చల్లగా, మెత్తగా ఆనడం. పంటికి తగలకుండా జారిపోయేదాన్ని చేప అని నా నోరు ఒప్పుకోదు.

ఇక ముట్టనిది షిరాకో. చలికాలంలో ఆఫీసు విందులో చిన్న గిన్నెలో తెల్లగా ముడతలు ముడతలుగా వచ్చింది. మేక మెదడేమో అనుకుని నోట్లో వేసుకున్నాను, మీగడలా కరిగింది, బాగానే ఉంది కూడా. తర్వాత చెప్పారు, మగ కాడ్ చేప వీర్యపు సంచి అని. చేప జన వేపుడు ఇష్టంగా తినేవాణ్ణి, దీనికి ఎందుకు జంకాలి అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. కడుపు వినలేదు.

మాగాయ టెంక:
మీరంతా అదృష్టవంతులు. మీకు నచ్చనిది ఏదో ఒక్క వంటకం. నాకు నచ్చనిది ఆ దేశంలో ప్రతి గిన్నె అడుగునా ఉంటుంది: దాషి. కొంబు అనే సముద్రపు నాచు, కత్సుఒబుషి అనే ఎండు చేప తురుము కలిపి తీసిన రసం. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపులో అదే, ఉదోన్ (లావుపాటి గోధుమ సేవలు) పులుసులో అదే, ఉడికించిన గుమ్మడికాయ ముక్కల్లో అదే, గుడ్డుతో చేసే దాదాపు అన్నింట్లోనూ అదే. పైకి కూరగాయ తప్ప ఏమీ కనబడదు.

'మాంసం వద్దు' అని చెబితే సరిపోదన్నది అక్కడ అడుగుపెట్టిన ప్రతి శాకాహారికీ తెలిసే మొదటి పాఠం. మాంసం తీసేస్తారు, దాని బదులు హామ్ ముక్కలు చల్లుతారు. హామ్ మాంసం కాదా అంటే పాపం, వాళ్లు నిజంగానే ఆశ్చర్యపోతారు. కాబట్టి ఏది వద్దో విడివిడిగా చీటీ మీద రాయించుకుని చూపించడమే మంచిది: మాంసం, చేప, రొయ్య, చేప దాషి, పంది కొవ్వు.

అయినా నాకూ ఒక ప్రాణం ఉంది. కోయసాన్ కొండ మీద బౌద్ధ ఆలయాల్లో యాత్రికులకు బస ఇచ్చి శోజిన్ భోజనం పెడతారు. చేప లేదు, గుడ్డు లేదు, ఉల్లి వెల్లుల్లి కూడా లేవు. దాషి కొంబుతోనూ ఎండు షిటాకే పుట్టగొడుగులతోనూ తీస్తారు. అక్కడి గోమా దోఫు కోసం మళ్లీ కొండెక్కుతాను. పేరులో తోఫు ఉన్నా అందులో సోయా లేదు. నువ్వులు మెత్తగా నూరి, పాలు తీసి, కుజు దుంప పిండితో కలిపి, చేయి ఆపకుండా తిప్పుతూ ఉడికించి గడ్డకట్టిస్తారు. చెంచాకు అతుక్కుని, నోట్లో నెమ్మదిగా విడుతుంది. కార్తీక మాసంలో మా ఇంట్లో ఉల్లి లేకుండా వండినా ఇంత నేర్పు చూడలేదు, అమ్మకు మాత్రం చెప్పకండి.

ఒసాకా బాబాయి:
టెంక గారూ, దాషి మీద మీ కోపం న్యాయమే గానీ, ఆ కొంబును అంత తేలిగ్గా తీసిపారేయకండి. క్యోటోలో ఇకెదా కికునాయె అనే పెద్దమనిషి పుట్టాడు. టోక్యో విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చెప్పేవాడు. ఉడికించిన తోఫు కింద ఉన్న కొంబు రసంలో ఏముందో తేల్చాలని కూర్చుని 1908లో గ్లుటమేట్ అనే రుచి పదార్థాన్ని పట్టుకున్నాడు. మరుసటి ఏడే అది అజినోమోతోగా అమ్మకానికి వచ్చింది. మన ఊళ్లలో నూడుల్స్ బండి మీద తెల్లగా చల్లే పొడి పుట్టింది మీ శాకాహార దాషి నుంచే.

నాత్తో పడనివాళ్లు ఒసాకా వైపు వచ్చేయండి. అది తూర్పు ప్రాంతపు వ్యసనం. టోక్యోకు ఉత్తరాన ఇబారాకిలో మితో అనే ఊరు దానికి పుట్టిల్లని చెప్పుకుంటారు. ఇక్కడ పాతకాలపు వాళ్లు చాలామంది ఇప్పటికీ మీలాగే ముక్కు మూసుకుంటారు. జపాన్ వాళ్లందరూ దాన్ని ఇష్టపడతారనుకోవడం వట్టి అపోహ.

నా ప్రాణం తకోయాకి, అంటే లోపల ఆక్టోపస్ ముక్క పెట్టి గుండ్రంగా కాల్చే పిండి ఉండలు. 1935లో ఒసాకాలో ఐజుయా అనే దుకాణం మొదలుపెట్టింది. ఇప్పుడు పైన సాస్, మయోనైజ్, చేప తురుము పోసి ముంచెత్తుతున్నారు కానీ ఆ దుకాణంలో ఈనాటికీ సాస్ లేకుండానే ఇస్తారు. పిండిలోనే రుచి ఉండాలన్నది వాళ్ల పట్టుదల. ఒక హెచ్చరిక: పైన చల్లారినట్టు కనబడుతుంది, లోపల పిండి సలసల కాగుతూ ఉంటుంది. కొత్తవాళ్లందరూ మొదటి ముద్దకే అంగిలి కాల్చుకుంటారు.

నచ్చనిది కొన్న్యాకు. ఒక రకం కంద నుంచి చేస్తారు. రుచి లేదు, వాసన లేదు, పోషకం లేదు, నమిలితే రబ్బరు. పత్యం చేసేవాళ్లకు మంచిదట. ఆ మాట ఒక్కటే చాలు నాకు నచ్చకపోవడానికి.

చంటివాడి అమ్మ:
నాత్తో మీద ఇంతమంది పడ్డారు కాబట్టి ఎవరో ఒకరు అటువైపు నిలబడాలి. నిజం చెప్పాలంటే తినేది నేను కాదు, మా వాడు. డేకేర్‌లో అలవాటు చేశారు. ఇప్పుడు ఇంట్లో పప్పన్నం పెడితే పక్కకు తోసేసి నాత్తో అడుగుతాడు.

ఇక కలిపే పని నాది. చిన్న థర్మోకోల్ డబ్బా మూత తీస్తే గింజల మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. దాన్ని ఎత్తితే సాలెగూడు పోగుల్లాంటి తీగలు వెంట వస్తాయి. ఆ కాగితాన్ని మడిచి, గింజలకు ఒక చుట్టు తిప్పి తెంపకపోతే తీగలు చేతికి, ముంజేతికి, గడ్డానికి అంటుకుంటాయి. లోపల రెండు చిన్న పొట్లాలు: తీపి కలిసిన సోయా రసం ఒకటి, ఆవముద్ద ఒకటి. అవి వేయకముందే చాప్‌స్టిక్‌లతో బాగా తిప్పాలి. తిప్పేకొద్దీ తెల్లటి నురుగు కట్టి జిగురు పెరుగుతుంది. పెరగాలనే తిప్పుతారు.

మా అమ్మ వీడియోలో ఇది చూసి చాలాసేపు మాట్లాడలేదు. మన ఇళ్లలో బెండకాయ కడిగి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, తరిగి, ఉప్పు చివర్లో వేసి, మూత పెట్టకుండా వేయించేదంతా ఎందుకు? జిగురు చావడానికే కదా. ఇక్కడ అదే బెండకాయను క్షణం సేపు వేడినీళ్లలో ముంచి, సన్నగా చక్రాలు తరిగి, ఆ జిగురు కోసమే తింటారు. నాగైమో అనే పెండలం జాతి దుంపను పచ్చిగా తురిమి, సాగే జావ చేసి అన్నం మీద పోసుకుంటారు. కొందరు నాత్తో, బెండ, నాగైమో మూడూ ఒకే గిన్నెలో కలుపుతారు. నాకు రుచితో పేచీ లేదండీ. నాత్తో రుచి ఉప్పగా, కాస్త చేదుగా, గట్టి మిసోకు దగ్గరగా ఉంటుంది. ఆ సాగుడుతోనే.

ప్రాణమైనది అడిగారు కదా, తామరదుంప. రెంకోన్. నువ్వుల నూనెలో సన్న చక్రాలు వేయించి, సోయా సాస్, కాస్త ఎండుమిర్చి వేస్తే కరకరలాడుతూ ఉంటుంది. చారన్నంలోకి దివ్యంగా ఉంటుంది.

సిద్దిపేట సీతాఫలం:
అక్కా, గింజలు పులియబెట్టడం జపాన్ సొత్తేమీ కాదు. మా ల్యాబులో మణిపూర్ అబ్బాయి ఉన్నాడు. నాత్తో చూడగానే మా ఇంటి హవాయ్‌జార్ వచ్చిందని ఎగిరి గంతేశాడు. నాగాలాండ్‌లో అఖునీ, మేఘాలయలో తుంగ్రింబై, సిక్కిం వైపు కినెమా, అన్నీ ఇదే కుటుంబమట. వాళ్లు మిరపకాయలు వేసి వండుకుంటారు, అంతే తేడా. మన దగ్గర దీన్ని చూసి జపాన్ వింత అంటున్నామంటే మన దేశాన్నే మనం సరిగా తిని చూడలేదన్నమాట.

నేను ఫుకువోకాలో చదువుకుంటున్నాను. ఇక్కడి రామెన్ పంది ఎముకలు గంటల తరబడి మరిగించి తీసిన తెల్లటి పులుసు. సేవలు సన్నగా ఉంటాయి, త్వరగా మెత్తబడతాయి. అందుకని ఒకేసారి ఎక్కువ పెట్టరు. ఉన్నవి అయిపోయాక 'కాయెదామా' అంటే అదే పులుసులోకి ఇంకో ముద్ద సేవలు వేస్తారు. విద్యార్థి కడుపుకు ఇంతకంటే ఏం కావాలి.

కానీ ప్రాణం అది కాదు. యుజు కోషో. ఈ క్యూషూ దీవి సొత్తు. యుజు అనే నిమ్మజాతి కాయ తొక్క, పచ్చిమిరపకాయలు, ఉప్పు కలిపి నూరి మాగబెడతారు. చిన్న సీసాలో ఆకుపచ్చగా ఉంటుంది. జపాన్ తిండి చప్పిడి అనేవాళ్లకు ఇది గోరంత నాలుకకు రాయాలి. టెంక గారూ, ఇందులో చేప లేదు. దోసెతో తిన్నాను, పెసరట్టుతో తిన్నాను, ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి అయిపోయినప్పుడు వట్టి అన్నంలో కలుపుకుని తిన్నాను.

ముట్టనిది బసాషి. పక్కనే కుమమోతోలో పచ్చి గుర్రపు మాంసం పల్చగా కోసి, అల్లం వెల్లుల్లి నూరి పెట్టి ఇస్తారు. చూడటానికి చక్కగా ఎర్రగా ఉంటుంది. చిన్నప్పుడు పెళ్లి ఊరేగింపుల్లో గుర్రం పక్కన నడిచినవాణ్ణి, చేయి ముందుకు పోలేదు.

మందుల చీటీ:
నాత్తో గురించి ఇంత చర్చ జరిగింది కాబట్టి ఒక్క ముఖ్యమైన మాట. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నవాళ్లు నాత్తో తినకూడదు. అందులో కె విటమిన్ చాలా ఎక్కువ, మందు పనిచేయకుండా పోతుంది. జపాన్‌లో ఆ మందు ఇచ్చేటప్పుడు ఇది ప్రత్యేకంగా చెబుతారు. పిల్లల దగ్గరికి వచ్చే పెద్దవాళ్లు గుర్తుపెట్టుకోండి.

ఉమెబోషి అభిమానులకు కూడా ఒకటి. పాత పద్ధతిలో పెట్టినదాంట్లో దాదాపు 20 శాతం ఉప్పే. మోస్తరు కాయ ఒక్కదానిలో 2 గ్రాములు ఉండవచ్చు. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మనం ఎలాగూ ఆవకాయ మానము, రెండూ కలిపి లెక్క వేసుకోండి.

మాగాయ టెంక:
చీటీ గారూ, మీరు చెప్పింది చదువుతూనే పెరుగన్నంలో ఉమెబోషి నంజుకుంటున్నాను.

ఇది వెక్కిరింత కాదు, సిఫారసు. వాకాయామాలో మినాబె అనే చోట పండే నాంకో రకం కాయలు పెద్దగా, పల్చటి తోలుతో, కండగా ఉంటాయి. ఉప్పులో ఊరవేసి, వేసవి నడిమిన ఎండలో ఆరబెడతారు. ఎరుపు కావాలంటే షిసో ఆకులు వేస్తారు. పులుపు, ఉప్పు రెండే. నూనె లేదు, కారం లేదు, మెంతిపిండి లేదు. అయినా చల్లటి పెరుగన్నంలో దానికి పోటీ లేదు. కాకపోతే కొనేటప్పుడు సీసా వెనక చదవండి. తేనె కలిపి తీపి చేసినవి ఉంటాయి, అవి పెరుగన్నానికి పనికిరావు. కత్సువో అని రాసి ఉంటే అందులో చేప తురుము కలిసింది, మా బోటివాళ్లు ముట్టకూడదు. ఊరగాయలో కూడా చేప! వాళ్లను ఏమనాలి చెప్పండి.

భాగ్యనగరం చదువరి:
నేను జపాన్ చూడలేదు. హైదరాబాద్‌లో జపనీస్ హోటల్లో తిన్నాను, ఇంట్లో కరీ బిళ్లలు తెచ్చి వండాను. నా తీర్పు: సుషీ పరవాలేదు, పచ్చి గుడ్డు అన్నం వీడియోలు చూస్తేనే భయం, జపాన్ కూర మాత్రం ఘోరం. తియ్యగా, చిక్కగా, జిగటగా ఉంది. మన దేశం పేరు చెప్పి అలాంటి కూర అమ్మడం అన్యాయం కాదా?

ఒసాకా బాబాయి:
చదువరి గారూ, ఆ కూర నేరుగా మన దగ్గరి నుంచి పోలేదు. మెయిజీ కాలంలో (1868-1912) బ్రిటిష్ వాళ్ల చేతుల మీదుగా వెళ్లింది. అందుకే పిండి వేయించి చిక్కబరిచే పద్ధతి. ఆపిల్, తేనె కలిపిన వెర్మాంట్ కరీ 1963లో పిల్లల కోసమని వచ్చింది, ఆ తీపి అక్కడే స్థిరపడింది. మీరు తెచ్చుకున్న బిళ్లలు ఆ సంతానమే.

మీలాగే అన్యాయం అన్న భారతీయుడు ఒకాయన ముందే ఉన్నాడు. రాస్ బిహారీ బోస్. ఢిల్లీలో వైస్రాయి హార్డింజ్ మీద 1912లో జరిగిన బాంబు దాడి తర్వాత పోలీసులు వెంటపడితే 1915లో జపాన్ చేరాడు. టోక్యోలోని షింజుకులో నకమురాయా అనే రొట్టెల దుకాణం నడిపే సోమా దంపతులు దాచిపెట్టారు. వాళ్ల అమ్మాయి తోషికోను పెళ్లి చేసుకున్నాడు. ఆమె 1925లో చిన్న వయసులోనే పోయింది. 1927లో ఆ దుకాణం భోజనశాల తెరిచినప్పుడు, ఎముకతో కోడిముక్కలు వేసి, పిండి లేకుండా అసలైన భారతీయ కూర పెట్టించాడు. మామూలు కూరకంటే ఎన్నో రెట్లు ఖరీదు, అయినా జనం ఎగబడ్డారు. ఇప్పటికీ షింజుకులో అదే పేరుతో దొరుకుతుంది.

మాగాయ టెంక:
బిళ్లల్లో తీపి సంగతి తర్వాత, కొవ్వు సంగతి చూడండి. చాలావాటిలో గొడ్డు కొవ్వో, పంది కొవ్వో ఉంటుంది. డబ్బా మీద కూరగాయల బొమ్మ చూసి మోసపోకండి. జంతు పదార్థాలు లేనివి విడిగా దొరుకుతాయి.

నిర్వాహకుడు:
ఎవరు ఏ మాంసం తినాలి, తినకూడదు అన్న వాదన ఈ చర్చలోకి తీసుకురావద్దని మనవి. రెండు వ్యాఖ్యలు తీసేశాను.

చంటివాడి అమ్మ:
జపాన్ కూరను వెనకేసుకొస్తున్నాను. దాన్ని మన కూర అనుకుని తింటేనే ఘోరం. సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, బంగాళాదుంప, క్యారెట్, ఉల్లిపాయ ఉడికించి, బిళ్ల విరిచి వేస్తే ఇల్లంతా నోరు మూసుకుని తింటుంది. నేను పైన కాస్త మిరియాల పొడి, ధనియాల పొడి వేస్తాను. మా ఆయన గొడ్డుకారం కలుపుకుంటాడు. పక్కన ఎర్రటి ఫుకుజిన్‌జుకే పచ్చడి కూడా తియ్యగానే ఉంటుంది, దాని జోలికి మాత్రం నేనూ వెళ్లను.

మందుల చీటీ:
పచ్చి గుడ్డు గురించి: జపాన్‌లో గుడ్డు మీద వేసే గడువు తేదీ పచ్చిగా తినడానికి లెక్కగట్టినదే. అక్కడ గుడ్లు కడిగి, తనిఖీ చేసి, చల్లగా ఉంచి అమ్ముతారు. వీడియో చూసి మన సంత గుడ్డుతో ప్రయత్నించవద్దు.

విజయనగరం పిన్ని:
పిల్లలూ, మా అమ్మాయి దగ్గరికి వెళ్లి వచ్చాను కాబట్టి నేనూ రాయవచ్చు అనుకుంటాను.

అందరూ జపాన్ వంటలో కారం లేదంటారు. ఘాటు ఉంది కదా! అమ్మాయి మమ్మల్ని నగానో వైపు అజుమినో తీసుకెళ్లింది. కొండల నుంచి వచ్చే స్వచ్ఛమైన చల్లటి నీళ్లు కాలువలుగా పారుతుంటే ఆ నీళ్లలోనే వసాబి పండిస్తున్నారు. నల్లటి నీడ పరదాల కింద వరసలు వరసలుగా పచ్చటి ఆకులు. అక్కడ దుంప తురిమి అప్పటికప్పుడు పెట్టారు. నాలుక మీద ఏమీ అనిపించలేదు, ముక్కులోకి ఎక్కి కళ్లలో నీళ్లు తిరిగి, క్షణంలో మాయమైంది. నాకు ఇంట్లో పనసపొట్టు కూరకు ఆవ నూరినట్టే ఉంది. అల్లుడు చెప్పాడు, రెండింటిలోనూ ఘాటు ఒకే పదార్థానిదట. నూరి తడి తగిలాకే పుడుతుంది, కాసేపటికే పోతుంది. గొట్టాల్లో అమ్మే పచ్చటి ముద్ద చాలావరకు వేరే దుంపతో చేసినదని కూడా అన్నాడు. అది తిని వసాబి నచ్చలేదనేవాళ్లు అసలుది తిని మాట్లాడాలి.

మిఠాయిల్లో నాకు ఒహాగి నచ్చింది. బంక బియ్యం ఉడికించి సగం నలిపి ముద్ద చేసి, పైన ఎర్రటి అజుకి గింజల తీపి ముద్ద పూస్తారు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో పితృదేవతలకు పెడతారని పక్కింటావిడ రెండు తెచ్చి ఇచ్చింది. మన పూర్ణాన్ని తిరగేసినట్టు, తీపి ముద్ద పైన, బియ్యం లోపల. బెల్లం ఇంకొంచెం పడితే బాగుండును అనిపించింది గానీ, షుగరు ఉన్నదాన్ని, నోరు మూసుకున్నాను.

నచ్చనిది, రైలు భోజనం. ఏకిబెన్ అంటారు. పెట్టె చూస్తే ముచ్చటేస్తుంది, గదులు గదులుగా అమర్చి, ఒక్కో గదిలో ఒక్కో కూర. మూత తీస్తే అన్నీ చల్లగా ఉన్నాయి. అన్నం కూడా. ఇంత శుభ్రంగా, ఇంత అందంగా సర్దినవాళ్లు ఒక్క పొయ్యి పెట్టుకోలేకపోయారా అని అమ్మాయిని అడిగాను. చల్లగా తినడానికే అలా వండుతారమ్మా అంది. ఏమో.

పులస ప్రియుడు:
పిన్ని గారూ, మీరు చెప్పిన రైలు భోజనంతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తున్నాను. చల్లారిన వేయించిన చేప ముక్క పగవాడికి కూడా వద్దు!

బాబాయి గారు ఇంకా ఒక విషయం దాస్తున్నారు. ఒసాకాకు కాస్త దూరంలో షిగాలో బివా సరస్సు ఉంది కదా, అక్కడి ఫునాజుషి గురించి చెప్పమనండి.

ఒసాకా బాబాయి:
దాచలేదు, భయపడతారని ఆగాను. సరస్సులో దొరికే నిగోరోబునా అనే చేపను గుడ్లతో సహా ఉప్పులో ఊరవేస్తారు, తర్వాత కడిగి అన్నంలో పొరలు పొరలుగా పూడ్చి, బరువు పెట్టి నెలల తరబడి, కొన్ని ఇళ్లలో ఏడాదికి పైగా ఉంచుతారు. అన్నం పులిసి చేపను కాపాడుతుంది. తినేటప్పుడు ఆ అన్నాన్ని చాలావరకు గీకి పారేస్తారు. సుషీ ముత్తాత అదే. మీరు ఇప్పుడు తినే చేప ముక్క పెట్టిన అన్నం ముద్ద చాలా తర్వాత వచ్చిన తొందర వంట. రుచి పుల్లటి పాత చీజ్. పల్చగా కోసి, వేడి అన్నం మీద పెట్టి, పైన వేడి టీ పోసుకుంటే నాకు ఇష్టం. మా ఆవిడ మాత్రం ఆ పెట్టెను ఫ్రిజ్‌లో పెట్టనివ్వదు, బాల్కనీలో ఉంచుతుంది.

సిద్దిపేట సీతాఫలం:
అన్నం గురించి ఎవరూ తిట్టలేదేమిటి? కోషిహికారి బియ్యం గొప్పదే, వాళ్ల వంటకు. సాంబారు పోసుకుంటే ముద్దలు ముద్దలుగా తేలుతుంది. పులిహోర కలిపితే పాయసం అవుతుంది. పైగా 2025 వసంతంలో సూపర్‌మార్కెట్లో 5 కిలోల సంచి సగటు ధర 4,000 యెన్లు దాటింది, ముందటేడుతో పోలిస్తే దాదాపు రెట్టింపు. ప్రభుత్వం నిల్వ బియ్యం బయటికి తీయాల్సి వచ్చింది. మా హాస్టల్లో ఆ రోజుల్లో అందరం ఉదోన్ మీదే బతికాం.

నిషికసాయ్ వాసి:
టోక్యోలో మా వైపు భారతీయ సరుకుల దుకాణాలు ఉన్నాయి కాబట్టి సోనా మసూరికి లోటు లేదు. ఒకాచిమాచి దగ్గర ఆంధ్రా కిచెన్ కూడా ఉంది, పప్పు తినాలనిపిస్తే అక్కడికి పోతాం. టెంక గారూ, టోక్యో స్టేషన్‌లో టికెట్ గేట్లు దాటి లోపలికి వెళ్లాక 'టీస్ తంతన్' అని చేప, మాంసం ఏమీ లేని రామెన్ దుకాణం ఉంది. నువ్వుల పులుసు. మాంసం తినే నేనే వెతుక్కుంటూ వెళతాను.

మాగాయ టెంక:
తిన్నాను. బాగుంది. ఇంకో సంగతి, సుషీ దుకాణంలో నాలాంటివాళ్లకు దోసకాయ చుట్టతో పాటు కంప్యో చుట్ట కూడా ఉంటుంది. సొరకాయను రిబ్బన్లలా చెక్కి ఎండబెట్టిన వరుగులు. జపాన్‌లో తయారయ్యేదంతా దాదాపు తోచిగిలోనే చేస్తారు. సోయా సాస్, పంచదార పోసి ఉడికిస్తారు. ఆ ఉడికించే నీళ్లలో దాషి ఉందో లేదో అడిగి తినండి. అవును, మళ్లీ దాషి.

భాగ్యనగరం చదువరి:
ఇంత చదివాక నాత్తో తినాలనిపిస్తోంది. ఇక్కడ ఒక దుకాణంలో గడ్డకట్టించినవి దొరికాయి, తెచ్చాను. వండాలా, అలాగే తినాలా? ఎవరైనా చెప్పండి.

చంటివాడి అమ్మ:
వండవద్దు. ముందు రోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి, పొద్దునకు కరుగుతుంది. పైన చెప్పినట్టు బాగా తిప్పి, వేడి వేడి అన్నం మీద వేసుకోండి. మొదటిసారి కాబట్టి సన్నగా తరిగిన ఉల్లికాడలు ఎక్కువ వేయండి, వాసన తగ్గుతుంది. శాకాహారులైతే అందులోని సాస్ పొట్లం వాడవద్దు, సాధారణంగా చేప సారం ఉంటుంది. మామూలు సోయా సాస్ వేసుకోండి. తిన్న గిన్నెను వెంటనే నీళ్లలో నానబెట్టండి, మిగతా గిన్నెలతో కలపకండి.

భాగ్యనగరం చదువరి:
తిన్నాను. రుచికి పేచీ లేదు, మీరన్నట్టు ఆ సాగుడే. మూడో ముద్దకు ఆవకాయ ఊట కలిపాను. అప్పుడు దిగింది. మా ఇంట్లోవాళ్లు కిటికీలు తెరిచి కూర్చున్నారు.

పులస ప్రియుడు:
ఆవకాయ కలిపితే లెక్కలోకి రాదు.

చంటివాడి అమ్మ:
ఎందుకు రాదు? ఆ పొట్లంలో వాళ్లే ఆవముద్ద పెట్టి ఇస్తున్నారు కదా.